తల్లితనము: పుట్టుకతో వచ్చినదెంత, నేర్చినదెంత?

పాలు పితుకుటకు ముందు రైతు దూడను విడుచును. దూడ పొదుగును కుమ్మి నాలుగు గుక్కలు త్రాగునప్పటికి గేదె చేపును. అనగా పొదుగులోపల నిలిచియున్న పాలు చన్నులలోనికి దిగును. అప్పుడు దూడను ప్రక్కన కట్టి పాలు తీయుదురు. కొన్ని గేదెలు దూడ లేనిదే చేపవు. మరికొన్ని దాణా బకెట్టు చప్పుడు వినినంతనే చేపును. అలవాటులేని మనిషి వచ్చి కూర్చున్నచో అదే గేదె పాలను ఎగచేపి, ఎంత పితికినను చుక్క విడువదు. పల్లెలలో నిత్యము కనిపించు ఈ చిన్న విషయములో జీవశాస్త్రజ్ఞులను చాలకాలము తికమకపెట్టిన పెద్ద ప్రశ్న యొకటి దాగియున్నది. తల్లి తన బిడ్డకు చేయు పోషణలో పుట్టుకతో వచ్చినది ఎంత? అనుభవమువలన నేర్చినది ఎంత?

ముందుగా చేపుట ఎట్లు జరుగునో చూతము. దూడ నోరు చన్నునకు తగిలినప్పుడు అచ్చటి నాడులు ఆ వార్తను వెన్నుపాము ద్వారా మెదడునకు చేరవేయును. మెదడు అడుగుభాగమున హైపోథాలమస్ అను చిన్న కేంద్రము కలదు. దాని క్రింద పీయూషగ్రంథి వ్రేలాడుచుండును. హైపోథాలమస్‌లో తయారై, పీయూషగ్రంథి వెనుకభాగమున నిలువయుండు ఆక్సిటోసిన్ అను హార్మోను, ఈ వార్త అందగానే రక్తములో కలియును. కొద్ది సేపటిలోనే అది పొదుగును చేరి, పాలను తయారుచేయు సూక్ష్మమైన తిత్తుల చుట్టునున్న కణములను ముడుచుకొనునట్లు చేయును. పాలు దిగును.

ఇంతవరకు ఇది శరీరధర్మము. కాని బకెట్టు చప్పుడునకు చేపుట కేవల శరీరధర్మము కాదు. ప్రతిదినము ఆ చప్పుడు తరువాతనే పితుకుట జరుగుచుండుటచే గేదె ఆ రెంటిని ముడివేసికొనినది. అది నేర్చిన విద్య. 1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆవులను కావలెనని బెదరించి చూచిరి. కాగితపు సంచులను ఊది పగులగొట్టిరి. ఆవు వీపుమీద పిల్లిని ఉంచిరి. బెదరిన ఆవులు పాలు సరిగా విడువలేదు. భయము కలిగినప్పుడు విడుదలయగు అడ్రినలిన్ ఆక్సిటోసిన్ పనికి అడ్డుతగులుటయే ఇందులకు కారణమని వారు తలచిరి. పాలు దిగుట అను ఒక్క పనిలోనే స్పర్శ, హార్మోను, అలవాటు, భయము ఇట్లు పెనవేసికొనియున్నవి. ఇక బిడ్డను పెంచుట అను పెద్ద కార్యమును గురించి చెప్పవలసినదేమి?

రెండు వాదములు

ఈ విషయమున రెండు వాదములు బయలుదేరినవి. తల్లితనము సహజాతమనునది మొదటిది. సాలెపురుగునకు గూడు అల్లుట ఎవరును నేర్పలేదు; అట్లే తల్లికి బిడ్డను సాకుట ఎవరును నేర్పనక్కరలేదని ఈ వాదము. దీనిని పూర్తిగా నమ్మినచో, కాన్పైన వెంటనే బిడ్డపై మమకారము పొంగని స్త్రీలో ఏదియో లోపమున్నదని అనుకొనవలసివచ్చును. పెంపుడు తల్లి, తండ్రి, తాతమ్మలు ఎంత చేసినను కన్నతల్లికి సాటిరారని కూడ ఒప్పుకొనవలసివచ్చును.

అంతయు అలవాటే అనునది రెండవ వాదము. జాన్ వాట్సన్ అను అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 1928లో శిశుపోషణను గురించి ఒక గ్రంథమును ప్రచురించి, బిడ్డలను ముద్దాడవద్దనియు, ఒడిలో కూర్చుండబెట్టుకొనవద్దనియు తల్లులకు సలహా ఇచ్చెను. మమకారము చెడు అలవాటని అతని అభిప్రాయము.

ఒక వాదము తల్లిపై నింద మోపును. మరియొకటి బిడ్డను తల్లి ఒడికి దూరము చేయును. కనుక నిజమేదో తెలిసికొనుట పండితులకు మాత్రమే పట్టిన విషయము కాదు.

తెల్ల ఎలుకలతో పరీక్షలు

ఈ ప్రశ్నకు స్పష్టమైన జవాబు మొదట ప్రయోగశాలలోని ఎలుకలనుండి లభించినది. ఎలుక గర్భకాలము సుమారు 22 దినములు. పుట్టినప్పుడు పిల్లలకు వెంట్రుకలుండవు, కండ్లు తెరువబడవు, తమ ఒంటి వేడిని తాము నిలుపుకొనలేవు. తొలిచూలు ఎలుక సైతము, ముందెన్నడును పిల్లలను చూడకపోయినను, కాన్పు కాగానే మాయను తినివేసి పిల్లలను నాకి శుభ్రపరచును. గూటినుండి జారిపోయిన పిల్లను నోట కరచుకొని తెచ్చి గూటిలో చేర్చును. పిల్లలపై వంగి పాలిచ్చును. పొట్ట అడుగున నాకి మూత్రము వెడలునట్లు చేయును. ఆ వయస్సున పిల్లలు తమంతట తాము మూత్రము విడువజాలవు. వీస్నర్, షియార్డ్ అనువారు 1933లో ఎడింబరోలో ప్రచురించిన గ్రంథమున ఈ పనులను విపులముగా వర్ణించిరి.

పిల్లలు కనని ఆడ ఎలుక ప్రవర్తన ఇందులకు పూర్తిగా భిన్నము. అప్పుడే పుట్టిన పిల్లలను దాని బోనులో ఉంచినచో వాటి వాసన గిట్టక దూరముగా తొలగిపోవును, ఒక్కొక్కప్పుడు చంపివేయును. ఇది చూచినవారు తల్లితనమంతయు హార్మోనుల ప్రభావమే అనుకొనుట సహజము.

అమెరికాలోని రట్‌గర్స్ విశ్వవిద్యాలయమున జే రోజెన్‌బ్లాట్ అను శాస్త్రజ్ఞుడు ఈ అభిప్రాయమును పరీక్షకు పెట్టెను. పిల్లలు కనని ఎలుకల బోనులలో ప్రతిదినము పసిపిల్లలను ఉంచెను. ఆ ఎలుకలకు పాలు లేవు గనుక, పిల్లలు ఆకలికి చావకుండ ఎప్పటికప్పుడు పాలు త్రాగిన వేరు పిల్లలను మార్చుచుండెను. మొదటి దినములలో ఎలుకలు పిల్లలకు దూరముగా మసలినవి. క్రమముగా దగ్గరకు వచ్చి మూచూచినవి. సుమారు ఆరేడు దినములైన పిదప వింత జరిగినది. అవి పిల్లలను నోట కరచుకొని గూటికి తెచ్చినవి, నాకినవి, పాలు లేకపోయినను పాలిచ్చు తల్లివలె వాటిపై వంగి నిలిచినవి.

రోజెన్‌బ్లాట్ అంతటితో ఆగలేదు. కొన్ని ఎలుకలకు అండాశయములను, మరికొన్నిటికి పీయూషగ్రంథిని తొలగించి అదే పరీక్ష చేసెను. ఫలితము మారలేదు. మగ ఎలుకలు కూడ కొన్ని దినములకు పిల్లలను సాకుటకు పూనుకొన్నవి. 1967లో ఈ ఫలితములు వెల్లడియైనవి. తల్లివలె ప్రవర్తించుటకు వలయు నాడీమార్గములు మగ, ఆడ అను భేదము లేక ప్రతి ఎలుక మెదడులోను ఉన్నవని, కాన్పు హార్మోనులు లేకున్నను పిల్లల సాంగత్యమువలననే అవి మేల్కొనగలవని దీనివలన తేలినది.

రక్తములోని వార్త

మరి హార్మోనుల పని ఏమి? కన్నతల్లి కొద్ది నిమిషములలో చేయు పనికి, కనని ఎలుకకు వారము పట్టినది. ఆ వారము దినముల తేడాలోనే హార్మోనుల మహిమ ఉన్నది. అడవిలోని ఎలుకపిల్ల వారము దినములు వేచియుండలేదు. మొదటి గంటలలోనే వెచ్చదనము, పాలు లభింపనిచో చచ్చిపోవును.

1968లో టెర్కెల్, రోజెన్‌బ్లాట్ అనువారు అప్పుడే ఈనిన ఎలుకల రక్తమునుండి ద్రవభాగమును తీసి, కనని ఎలుకలకు ఎక్కించిరి. అవి సుమారు రెండు దినములకే పిల్లలను సాకినవి. 1972లో వారు ఈనిన ఎలుక రక్తము నేరుగా కనని ఎలుక దేహములో ప్రవహించునట్లు సన్నని గొట్టములతో రెంటిని కలిపిరి. అప్పుడు పట్టిన కాలము సుమారు 15 గంటలు మాత్రమే.

ఆ రక్తములో ఏమున్నది? గర్భకాలమున ప్రొజెస్టెరోన్ అను హార్మోను ఎక్కువగా ఉండి, కాన్పు సమీపించగానే పడిపోవును. ఈస్ట్రోజెన్, ప్రోలాక్టిన్ హెచ్చును. 1970లో మోల్ట్జ్, అతని సహచరులు ఈ మూడింటిని ఇదే క్రమమున ఇచ్చి, అండాశయములు లేని ఎలుకలు రెండు దినములలోపుననే తల్లులవలె ప్రవర్తించునట్లు చేసిరి. 1979లో పెడర్సన్, ప్రాంజ్ అనువారు, ముందుగా ఈస్ట్రోజెన్ ఇచ్చిన ఎలుకల మెదడు ద్రవములోనికి ఆక్సిటోసిన్‌ను ఎక్కించగా, పెక్కు ఎలుకలు రెండు గంటలలోపుననే పిల్లలను చేరదీసినవి. పొదుగులో పాలను దింపు హార్మోనే మెదడులో బిడ్డపై మమకారమును మేల్కొలుపుట గమనింపదగినది.

ఈ హార్మోనులు ప్రధానముగా పనిచేయు చోటు, మెదడులో కంటినాడులు ఒకదానినొకటి దాటు తావునకు సమీపమున ఉన్నది. 1974లో మైకేల్ న్యూమన్ ఈ భాగమును దెబ్బతీయగా, పాలిచ్చుచున్న తల్లి ఎలుక సైతము పిల్లలను గూటికి చేర్చుట మానినది.

హార్మోనులు తల్లికి పాఠము చెప్పవు. అవి పిల్లల వాసనవలన కలుగు వెగటును, భయమును తగ్గించి, పిల్లల దగ్గరకు పోవలెనను కోరికను హెచ్చించును. తక్కిన పని పిల్లలు చేయును.

స్పర్శ నేర్పిన పాఠము

కాన్పునాటి హార్మోనులు కొద్ది దినములలో మారిపోవును. కాని పిల్లల పోషణ మూడు నాలుగు వారములు సాగవలెను. మరి తరువాత తల్లిని నడిపించునది ఏది? 1963లో రోజెన్‌బ్లాట్, లేర్మన్ అనువారు కాన్పు కాగానే పిల్లలను తొలగించి, కొన్ని దినముల పిదప వేరు పిల్లలను ఇచ్చి చూచిరి. అప్పటికి తల్లి ఎలుకలలో ఆసక్తి చాలవరకు నశించినది. కాని తొలగించుటకు ముందు కొద్ది సేపైనను పిల్లలతో గడపిన తల్లి సంగతి వేరు. 1975లో రాబర్ట్ బ్రిడ్జెస్ జరిపిన పరీక్షలలో, అట్టి ఎలుకలు 25 దినముల తరువాత కూడ కనని ఎలుకలకంటె చాల త్వరగా పిల్లలను చేరదీసినవి. కాన్పునాడు హార్మోను తెరచిన త్రోవను, పిల్లల స్పర్శ, వాసన, ధ్వని నడచి నడచి కాలిబాటగా మార్చును. ఒకమారు బాట పడిన పిమ్మట హార్మోను అవసరము తగ్గును.

ఈ నేర్చుకొనుట అన్ని జంతువులలోను ఒకే తీరున ఉండదు. ఎలుక ఏ పిల్లనైనను స్వీకరించును. ఎందుకనగా పిల్లలు కదలలేక గూటిలోనే ఉండును గనుక గూటిలోనివి తన పిల్లలే. కాని గొఱ్ఱెపిల్ల, మేకపిల్ల పుట్టిన కొద్ది సేపటికే లేచి నడచి మందలో కలియును. అందుచే తల్లి తన పిల్లను వెంటనే వాసనతో గుర్తుపట్టవలెను. 1964లో క్లాప్‌ఫర్, అతని సహచరులు మేకలపై చేసిన పరీక్షలలో, పుట్టిన వెంటనే అయిదు నిమిషములు పిల్లతో గడపిన మేక, కొన్ని గంటలు ఎడబాసినను దానిని మరల చేర్చుకొన్నది. ఆ అయిదు నిమిషములు లభింపని మేకలలో పెక్కు తమ పిల్లలనే తరిమివేసినవి. పిల్ల బయటికి వచ్చునప్పుడు జననమార్గము సాగుటచే తల్లి మెదడులో ఆక్సిటోసిన్ విడుదలయగునని, వాసనను గుర్తుంచుకొనుటకు అది సహాయపడునని తరువాత గొఱ్ఱెలపై జరిగిన పరిశోధనలు తెలిపినవి. చనిపోయిన పిల్ల తోలును తల్లిలేని పిల్లకు కప్పి, ఈనిన గొఱ్ఱె దానిని చేర్చుకొనునట్లు చేయు కాపరులు ఈ రహస్యమును శాస్త్రజ్ఞులకంటె చాల ముందే ఎరుగుదురు.

తోడివారిని చూచి నేర్చుట కూడ కలదు. 2021లో న్యూయార్కు శాస్త్రజ్ఞులు చుంచెలుకలపై ఒక పరిశోధనను ప్రచురించిరి. తల్లి చుంచెలుక, కనని చుంచెలుకను పలుమారు గూటివైపు నెట్టుకొనిపోయినది. తల్లి పిల్లలను ఏరి తెచ్చుటను చూచుచుండిన ఎలుకలు క్రమముగా తామును ఆ పని నేర్చినవి. అట్లు చూచునప్పుడు వాటి మెదడులో ఆక్సిటోసిన్ కణములు పనిచేయుటను పరిశోధకులు గుర్తించిరి. నేర్చుకొనుటకు కూడ హార్మోను తోడ్పడుచున్నదన్నమాట.

తల్లిని ఎరుగని తల్లులు

ఈ పాఠము కాన్పుతోనే మొదలగునా? కాదు, తల్లి తాను పసిబిడ్డయై ఉన్ననాడే మొదలగునని పరిశోధనలు తెలుపుచున్నవి. గోదావరికి ఉత్తరమున మన దేశములో విస్తారముగా నివసించు రీసస్ కోతులపై, అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున హ్యారీ హార్లో 1950-60 దశకములలో ప్రయోగములు చేసెను. పుట్టిన వెంటనే తల్లినుండి వేరుచేసి, తోడి కోతులు కూడ లేకుండ పెంచిన ఆడ కోతులు పెద్దవై పిల్లలను కన్నవి. వాటిలో పెక్కు తమ పిల్లలను పట్టించుకొనలేదు. కొన్ని క్రూరముగా హింసించినవి. వాటికి కాన్పు జరిగినది, హార్మోనులు ఉన్నవి. లేనిది చిన్ననాటి ఒడి. అయినను వాటిలో కొన్ని రెండవ పిల్లను మొదటిదానికంటె బాగుగా సాకినవి. మొదటి పిల్ల పట్టు విడువక తల్లిని అంటిపెట్టుకొని ఉండుటచే, తల్లికే కొంత శిక్షణ లభించినది కాబోలు. ఈ ప్రయోగముల క్రూరత్వమును తరువాతివారు తీవ్రముగా విమర్శించిరి. నేడు అట్టివానిని చేయనీయరు.

కెనడాలో ఆలిసన్ ఫ్లెమింగ్, ఆమె సహచరులు 2001లో ప్రచురించిన పరిశోధన ఆశ కలిగించునది. ఎలుకపిల్లలను తల్లి లేకుండ గిన్నెలలో ఉంచి, గొట్టము ద్వారా పాలు పోసి పెంచిరి. అవి పెద్దవై తల్లులైనప్పుడు తమ పిల్లలను తక్కువగా నాకినవి. కాని చిన్ననాడు మెత్తని కుంచెతో, తల్లి నాలుకవలె, తరచుగా నిమిరిన పిల్లలలో ఈ లోపము చాలవరకు తగ్గినది. కుంచె నిమిరినంతమాత్రముననే ఒక తరము తల్లితనములో మార్పు వచ్చినది!

అదే దేశమున మైకేల్ మీనీ బృందము 1999లో పిల్లలను మార్చి పెంచి చూచినది. తక్కువగా నాకు తల్లికి పుట్టిన ఆడపిల్ల, ఎక్కువగా నాకు తల్లి వద్ద పెరిగినచో, తానును పెద్దయై తన పిల్లలను ఎక్కువగా నాకినది. రక్తసంబంధము కాక పెంపకమే ఇచ్చట వారసత్వమైనది. ఆ నాకుటవలన పిల్లల మెదడులో భయమును అదుపుచేయు ఒక జీనుపైనున్న రసాయనిక గుర్తులు మారునని 2004లో వారు తెలిపిరి. జీను అక్షరములు మారలేదు. అది పనిచేయు తీరు మాత్రము మారినది.

మానవుల సంగతి

ఎలుకలకు వర్తించినదంతయు మానవులకు వర్తింపదు. మానవుని మెదడులో ఆలోచన, భాష, ఆచారము, కుటుంబము మిక్కిలి బలమైనవి. కాన్పు ఎరుగని స్త్రీలు, పురుషులు పసివారిని ప్రేమతో పెంచుట లోకమంతట కలదు. కాని ఒక విషయమున పోలిక కనబడుచున్నది: పోషణ కూడ హార్మోనులను మార్చగలదు. ఫిలిప్పైన్సులోని సెబూ ప్రాంతమున 624 మంది యువకులను కొన్ని సంవత్సరములు పరిశీలించి, 2011లో ఫలితములను ప్రచురించిరి. తండ్రులైన వారిలో టెస్టోస్టెరోన్ అను పురుష హార్మోను, తండ్రులు కానివారిలోకంటె హెచ్చుగా తగ్గినది. దినమునకు మూడు గంటలకంటె ఎక్కువగా బిడ్డను చూచుకొనువారిలో అది అందరికంటె తక్కువగా ఉండెను.

ఈ జ్ఞానము ఆసుపత్రుల పద్ధతిని కూడ ప్రశ్నించుచున్నది. బరువు తక్కువగా పుట్టిన శిశువులను తల్లినుండి వేరుచేసి యంత్రములలో ఉంచుట చాలకాలముగా ఆచారమైనది. 1978లో కొలంబియా దేశపు రాజధాని బొగోటాలో, యంత్రములు చాలక, ఎడ్గార్ రే అను వైద్యుడు శిశువును తల్లి రొమ్మునకు ఆనించి కట్టి ఉంచు పద్ధతిని ప్రారంభించెను. కంగారు జంతువును తలపించుటచే దానికి ఆ పేరే వచ్చినది. మన దేశముతో సహా అయిదు దేశములలో 3,211 మంది శిశువులపై జరిపిన పరీక్ష ఫలితములు 2021లో వెలువడినవి. కుదుటపడిన పిదప ఈ పద్ధతిని మొదలుపెట్టిన శిశువులలో నూటికి సుమారు 16 మంది 28 దినములలో మరణించిరి. పుట్టిన వెంటనే తల్లి వద్ద ఉంచినవారిలో మరణములు నూటికి 12. ఇందులకు వెచ్చదనము, తల్లిపాలు మొదలగునవి కారణములు కావచ్చును. ఏమైనను, తల్లి ఒడి యంత్రమునకు అడ్డు కాదని, శిశువునకు ప్రాణాధారమని దీనివలన తేటతెల్లమైనది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరల వత్తము. పుట్టుకతో వచ్చినదెంత, నేర్చినదెంత? అన్నము ఉడుకుటలో నీటి పాలు ఎంత, నిప్పు పాలు ఎంత అని అడిగినట్లున్నది ఈ ప్రశ్న. నిప్పు లేని నీటిలో బియ్యము నానును. నీరు లేని నిప్పుమీద మాడును. హార్మోను లేకున్న తల్లితనము ఆలస్యమగును. స్పర్శ లేకున్న అది నిలువదు. చిన్ననాటి ఆదరణ లేకున్న దానికి పునాది చాలదు.

ఈ సత్యము తెలిసిన ఇంటిలో తొలికాన్పు తల్లిని చూచు తీరు మారవలెను. బిడ్డను చూడగానే మమకారము పొంగనంతమాత్రమున ఆమె రాతిగుండెది కాదు. ఆమెకు నిద్ర, ఆహారము, ధైర్యము, అనుభవముగల పెద్దవారి తోడు, బిడ్డతో తీరికగా గడపు కాలము కావలెను. దిగులు వారములతరబడి విడువనిచో అది వ్యాధి. దానికి వైద్యము కలదు, నింద మందు కాదు. తండ్రి కూడ బిడ్డను ఎత్తుకొని తిరిగిన కొలది తండ్రియగును. ఇక పసిబిడ్డకు లభించు ప్రతి నిమురుటయు ఆ బిడ్డ రేపు తన బిడ్డకు ఇయ్యబోవు మూలధనమే.